అలాస్కా ఓడకి కెనడా వీసా

వదినగారూ, పొద్దున కూరలబండి దగ్గర మీరు చెప్పిన దగ్గర్నుంచీ నా మనసు అక్కడే ఉంది. మీ అబ్బాయి జూలైలో మిమ్మల్నిద్దర్నీ సియాటిల్ నుంచి అలాస్కా ఓడ ఎక్కిస్తున్నాడా! వారం రోజులు సముద్రం మీద, మంచుకొండలూ, తిమింగలాలూ. అన్నయ్యగారికి చలికోటు కొన్నారు, మీ మోకాలికి పట్టీ కొన్నారు, చెగోడీలు ఎన్ని పట్టుకెళ్లాలో కూడా అనుకున్నారు. వింటుంటే ఎంత సంతోషంగా ఉందో. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. కెనడా వీసా సంగతి ఏం చేశారు?

అలాస్కా అమెరికాదే, సియాటిల్ అమెరికాదే, మధ్యలో ఈ కెనడా ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? మీ అబ్బాయి పంపిన రేవుల జాబితా ఫోన్లో ఉందన్నారుగా, ఒకసారి తియ్యండి. మన మధ్య గోడ మీద పెట్టండి, ఇద్దరం చూద్దాం. జూనో, స్కాగ్వే, కెచికాన్, ఇవన్నీ అలాస్కావే. ఇదిగో, ఇక్కడ చూడండి. దిగబోయే ముందురోజు సాయంత్రం, విక్టోరియా. అది కెనడా. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి రాజధాని. ఓడ సాయంత్రం అక్కడ ఆగి, రాత్రికి బయల్దేరి, తెల్లారేసరికి సియాటిల్ చేరుతుంది. ఆ కాసిన్ని గంటల కోసం మీ ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ కెనడా వీసా ఉండాలి.

దిగకుండా గదిలోనే పడుకుంటాం అంటారా? టికెట్ల ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఈ మాట విన్నాను నేను. ఓడ ఆ రేవులోకి వచ్చిందంటే అందులో ఉన్న మనిషి ఆ దేశంలోకి వచ్చినట్టే. ఊళ్లోకి వెళ్తారా, మంచం మీద పడుకుంటారా అన్నది వాళ్లకి పట్టదు. పైగా ఈ కాగితాలు చూసేది విక్టోరియాలో కాదు, సియాటిల్లోనే. పెట్టెలు ఇచ్చేసి, వరసలో నిలబడి, కౌంటర్ దగ్గరికి వెళ్లగానే ఓడ కంపెనీ వాళ్లే పాస్‌పోర్టు పేజీలు తిప్పుతారు. వీసా లేకపోతే అక్కడే ఆపేస్తారు. కట్టిన డబ్బు తిరిగి రాదు. కాగితాల బాధ్యత ప్రయాణికులదే అని టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. ప్రయాణానికి బీమా తీసుకున్నా, వీసా లేక ఆగిపోతే మామూలుగా ఆ బీమా పనికిరాదు.

ఓడ ఆ ఊళ్లో ఎందుకు ఆగుతుందో చెప్తాను, తెలుసుకుంటే మళ్లీ మర్చిపోరు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. అమెరికా రేవుల మధ్య జనాన్ని తిప్పే పని అమెరికా ఓడలే చెయ్యాలి, వేరే దేశపు జెండా కట్టిన ఓడ అయితే దారిలో ఒక్క విదేశీ రేవైనా తాకాలి అని దాని సారాంశం. ఈ పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలన్నీ అమెరికా కంపెనీలు నడుపుతున్నట్టే కనిపిస్తాయి గాని, వెనకాల జెండా చూస్తే బహామాస్‌దో, పనామాదో, బెర్ముడాదో, మాల్టాదో అయివుంటుంది. అందుకని సియాటిల్లో బయల్దేరి సియాటిల్‌కే వచ్చే అలాస్కా ఓడలు కెనడా గడ్డని తాకి తీరాలి. కరోనా అప్పుడు కెనడా తన రేవులు మూసేస్తే, 2021లో అలాస్కా ఓడలు తిరిగే దారే లేకపోయింది. అప్పుడు అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఇంకో చట్టం తెచ్చి, తాత్కాలికంగా కెనడా తాకకుండా వెళ్లనిచ్చింది. అంత గట్టి నియమం అది. మన అబ్బాయిలు ఫోన్లో బొమ్మలు చూసి టికెట్టు కొంటారు, ఆ చివరి సాయంత్రం మజిలీ మీద వాళ్ల చూపు ఆగదు.

ఈ బాదరబందీ లేని ఓడ ఒకటుంది లెండి. హవాయిలో ప్రైడ్ ఆఫ్ అమెరికా అని తిరుగుతుంది. అది అమెరికా జెండా ఓడ, హొనొలులులో ఎక్కి హవాయి దీవులే చుట్టి మళ్లీ అక్కడే దింపుతుంది. పరాయి దేశం తగలదు కాబట్టి అమెరికా వీసా మీద వచ్చినవాళ్లకి ఇంకో వీసా అక్కర్లేదు. మీకు కెనడా వీసా టైముకి రాకపోతే ఆ దారి ఉందని గుర్తుపెట్టుకోండి. కానీ అన్నయ్యగారికి మంచుకొండల మీదే మనసుంది కదా. జూలైకి ఇంకా వ్యవధి ఉంది, చేసుకోవచ్చు.

ఇంతకీ మీతో ఎవరెవరు వస్తున్నారు? అబ్బాయి, కోడలు, మనవడు, మీ వియ్యపురాలు. అయితే ఒక్కొక్కరి సంగతీ విడివిడిగా చూడాలి. ఒకే ఓడ, పక్కపక్క గదులు, ఒకే బల్ల మీద భోజనం. కానీ కౌంటర్ దగ్గర ఒక్కొక్కరినీ ఒక్కో రకంగా చూస్తారు. నాకు దిగులంతా అక్కడే. ఇంటిల్లిపాదికీ కలిపి టికెట్లు తీసిన అబ్బాయి, తన కాగితాలు సరిపోతే అందరివీ సరిపోయినట్టే అనుకుంటాడు.

మనవడు అక్కడే పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. అమెరికా రేవులో ఎక్కి అదే రేవులో దిగే ఓడైతే అమెరికా పౌరులకి పాస్‌పోర్టు లేకపోయినా జరుగుతుంది. చిన్నపిల్లలకి పుట్టిన సర్టిఫికెట్టు చాలు, పెద్దవాళ్లకి దాంతోపాటు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. ఆఫీసులో మీ అబ్బాయి తోటివాళ్లు "క్రూయిజ్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదు" అని చెప్పేది ఇదే. ఆ మాట నిజమే, కానీ అది అమెరికా పౌరులకి మాత్రమే. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి ఒక్క శాతం కూడా వర్తించదు. ఆ పిల్లాడికి కూడా పాస్‌పోర్టు పట్టుకెళ్లమనే చెప్తాను నేను. మధ్యలో జ్వరమో, చెయ్యి విరగడమో అయి కెనడా నుంచి విమానంలో వెనక్కి రావలసివస్తే పుట్టిన సర్టిఫికెట్టు మీద విమానం ఎక్కనివ్వరు. ఇంకో మాట, ఏ కారణం చేతనైనా అబ్బాయీ కోడలూ రాలేక మీరిద్దరే పిల్లాణ్ణి తీసుకెళ్లాల్సివస్తే, తల్లిదండ్రులిద్దరూ సంతకాలు పెట్టిన అనుమతి ఉత్తరం దగ్గర ఉంచుకోండి. సరిహద్దుల్లో పిల్లల విషయం గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా.

మీ వియ్యపురాలికి గ్రీన్‌కార్డు వచ్చిందన్నారు కదా. ఆవిడకి కెనడా వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డూ, దాంతోపాటు చెల్లుబాటులో ఉన్న మన ఇండియా పాస్‌పోర్టూ, రెండూ చేతిలో ఉండాలి. గ్రీన్‌కార్డు వచ్చిన పెద్దవాళ్లు చాలామంది ఆ కార్డే సర్వస్వం అనుకుని, పాస్‌పోర్టు గడువు అయిపోయినా పట్టించుకోరు. ఆవిడ పాస్‌పోర్టు మీద తేదీ ఒకసారి చూడమనండి.

ఇక అబ్బాయి, కోడలు. వాడిది హెచ్1బీ, అమ్మాయిది హెచ్4. వాళ్లకీ మీలాగే కెనడా వీసా కావాలి, సియాటిల్లో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నా సరే. ఇంకోటి అడగండి. పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువు ఉందా, అయిపోయిందా? ఇక్కడికొచ్చి స్టాంపింగ్ చేయించుకోవడానికి అపాయింట్‌మెంటు దొరక్క, కంపెనీ ఇచ్చిన అప్రూవల్ కాగితం మీదే ఉంటున్న పిల్లలు ఎంతమందో. దేశంలో ఉన్నంతకాలం దానికి ఇబ్బంది లేదు. ఒకసారి బయటికి అడుగుపెట్టి మళ్లీ లోపలికి రావాలంటేనే ఆ వీసా అవసరం. విక్టోరియా తాకి సియాటిల్ రావడమంటే అదే కదా.

కంగారు పడకండి, దానికో వెసులుబాటు ఉంది. ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ అంటారు. కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపల తిరిగొచ్చేవాళ్లు, ఐ94 గడువు, అంటే అమెరికాలో ఉండటానికి ఇచ్చిన గడువు, ఇంకా ఉండి, వీసాలో చెప్పిన హోదా తప్పకుండా ఉంటే, వీసా గడువు అయిపోయినా రానిస్తారు. అక్కడుండగా కొత్త అమెరికా వీసాకి మాత్రం దరఖాస్తు పెట్టకూడదు. పెడితే ఈ సదుపాయం పోతుంది. ఐ94 కాగితం, అప్రూవల్ కాగితం అచ్చు తీసి దగ్గర పెట్టుకోవాలి. కౌంటర్లో ఉన్న కుర్రాడికి ఈ నియమం తెలియకపోవచ్చు, అందుకని ఓడ కంపెనీకి ముందే రాసి, వాళ్లిచ్చిన జవాబు కూడా అచ్చు తీసి పట్టుకెళ్లమనండి.

ఇదే అబ్బాయి వచ్చే ఏడాది ఫ్లోరిడా నుంచి బహామాస్ ఓడ ఎక్కుతానన్నాడనుకోండి, అప్పుడు ఈ వెసులుబాటు పనిచెయ్యదు. చుట్టుపక్కల దీవులకి వెళ్లొచ్చే వీలు చదువుకునే ఎఫ్ వీసావాళ్లకీ, జే వీసావాళ్లకీ ఉంది గాని, హెచ్ వీసావాళ్లకి లేదు. అదే ఇంట్లో ఎంఎస్ చదువుతున్న తమ్ముడు వెళ్లి రావచ్చు, ఉద్యోగం చేస్తున్న అన్న ఆగిపోతాడు. అలాస్కా ఓడలో జరిగింది కాబట్టి బహామాస్ ఓడలోనూ జరుగుతుందనుకుంటే ఎంత నష్టమో చూడండి.

మరి మీ ఇద్దరిదీ. ఆ పాస్‌పోర్టులు ఒకసారి ఇలా ఇవ్వండి. జాగ్రత్త, కింద తులసికోటలో పడతాయి. రబ్బరు బ్యాండు వేసి రెండేసి కట్టారు, మంచి పని చేశారు. పాతదాంట్లో అమెరికా వీసా ఉంది, కొత్తది మొన్న రెన్యువల్ చేయించినది. ఈ వీసా కాగితం మీద ఇక్కడ చూడండి, ఎంట్రీస్ అన్నచోట ‘ఎమ్’ అని ఒక్క అక్షరం ఉంది. మల్టిపుల్. ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చని. గడువు కూడా ఇంకా చాలా ఉంది. పాత పాస్‌పోర్టు గడువు అయిపోయినా అందులో వీసా చెల్లుతుంది, కాబట్టి రెండూ కలిపే చూపించాలి. పాతది ఇంట్లో బీరువాలో పెట్టి కొత్తది ఒక్కటే పట్టుకెళ్లేవారు ఉన్నారు, మీరు ఆ జత విడదియ్యకండి. ఓడ టికెట్టు తీసినప్పుడు అబ్బాయి పాత పాస్‌పోర్టు నంబరు ఇచ్చి ఉంటే కొత్తది మార్పించమనండి. ప్రయాణికుల పట్టిక ఓడ కంపెనీ ముందే అధికారులకి పంపుతుంది, అందులో నంబరూ చేతిలో పాస్‌పోర్టూ ఒకటే ఉండాలి.

ఇప్పుడు పేరు. ఇదిగో అన్నయ్యగారి పాస్‌పోర్టు. సర్‌నేమ్ అన్నచోట ఖాళీ. ఇంటిపేరూ, అసలు పేరూ, చివర రావూ అంతా కలిపి గివెన్ నేమ్ గడిలోనే ఉంది. అందుకే చూడండి, అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని మూడక్షరాలు పడ్డాయి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మనవాళ్లలో వేలమంది పాస్‌పోర్టులు ఇలాగే ఉంటాయి. పాత రోజుల్లో ఫారం నింపినవాళ్లకి ఇంటిపేరు ముందు రాయాలో వెనక రాయాలో తెలియక, కొందరు పొడి అక్షరాలు రాసి, కొందరు అన్నీ ఒకే గడిలో రాసి ఇచ్చేశారు. ఓడ కంపెనీ ఫారంలో రెండు గళ్లూ నింపకపోతే ముందుకెళ్లదు. అప్పుడు పిల్లలు తమకి తోచినట్టు విడదీసి, ‘రావు’ ఒక గడిలో, మిగతాది ఒక గడిలో రాస్తారు. అలా వద్దు. అమెరికా ప్రయాణం కాబట్టి వీసా మీద ఎలా ఉందో అలాగే రాయమనండి, ఓడ కంపెనీకి ఫోన్ చేసి ఒక మాట అడిగి మరీ రాయమనండి. మీది బాగుంది, రెండు గళ్లూ నిండి ఉన్నాయి.

దుబాయి వైపు వెళ్లేవాళ్లకైతే ఈ ఒకటే పేరు పెద్ద తంటా. 2022 నవంబరు నుంచీ అరబ్ ఎమిరేట్స్ వాళ్లు ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టు మీద సందర్శకుల వీసా ఇవ్వడం మానేశారు. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటున్నారు. తిరిగొచ్చాక తీరిగ్గా అన్నయ్యగారి పేరు సరిచేయిద్దాం. ప్రయాణం ముందు మాత్రం కదిలించవద్దు, వీసాలో ఒక పేరూ పాస్‌పోర్టులో ఒక పేరూ అయిపోతుంది.

మీరు అమెరికాలో దిగగానే ఆరు నెలలు ఉండమని ఇస్తారు కదా. విక్టోరియా వెళ్లి తిరిగొచ్చారు కాబట్టి మళ్లీ ఆరు నెలలు కొత్తగా మొదలయ్యాయనుకోకండి. కెనడా, మెక్సికో, పక్క దీవులు, వీటికి కొద్దిరోజులు వెళ్లొస్తే మొదటి తేదీయే నడుస్తుంది. ఇంటికి రాగానే అబ్బాయిని కంప్యూటర్లో ఐ94 తేదీ చూడమనండి.

స్కాగ్వేలో ఒక రైలుంది వదినగారూ. అన్నయ్యగారు రైల్వేలో చేశారు కాబట్టి చెప్తున్నాను, దాన్ని వదులుకోకండి. వైట్ పాస్ అండ్ యూకాన్ రూట్ అంటారు. యూకాన్ వైపు బంగారం దొరికిందని జనం ఎగబడిన రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900కి పూర్తిచేశారు. మన అరకు కిరండూల్ దారిలాగే కొండలు తొలుచుకుంటూ పోతుంది గాని, పట్టాలు సన్నవి. శిఖరం దాకా వెళ్లి అక్కణ్ణుంచే వెనక్కి వచ్చే రైలైతే గొడవలేదు. దాన్ని దాటి ఫ్రేజర్ దాకానో, కార్‌క్రాస్ దాకానో వెళ్లే టూరు తీసుకుంటే అది కెనడాలోకి వెళ్లినట్టే, పాస్‌పోర్టూ కెనడా వీసా చేతిలో ఉండాలి. ఓడలో గదిలో పెట్టి వెళ్తే కుదరదు. జూనో ఇంకో విచిత్రం, రాష్ట్ర రాజధాని అయివుండి బయటి ఊళ్లనుంచి రోడ్డే లేదు. ఓడో విమానమో ఎక్కాల్సిందే. అక్కడ ఓడ తప్పిపోతే ఎంత పనవుతుందో ఆలోచించండి. అందుకని దిగిన ప్రతిచోటా ఓడవాళ్లు చెప్పిన టైముకి ముందే వచ్చెయ్యండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీ జిరాక్సులు మీ చేతిసంచిలో ఒకటి, అన్నయ్యగారి జేబులో ఒకటి. ఒకవేళ పాస్‌పోర్టే పోతే సియాటిల్లో మన కాన్సులేటు ఉంది, 2023లో తెరిచారు.

ఇదంతా అమెరికా గొడవే అనుకోకండి. ఆఫీసులో ఉన్నప్పుడు నేను కళ్లారా చూసింది ఒకటి చెప్తాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. కాకినాడ వైపు దంపతులు. షష్టిపూర్తి చేసుకున్నారని పిల్లలు గ్రీసు దీవుల ఓడకి టికెట్లు కొన్నారు. వీసా పని ఒక ఏజెంటు చూశాడు. అతను దరఖాస్తుతో ఏథెన్సు హోటలు కాగితాలు పెట్టాడు గాని, ఓడ టికెట్టు పెట్టలేదు. షెంజెన్ వీసా, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా, వచ్చింది, అందరూ సంతోషించారు. పిరేయస్ రేవులో ఓడ ఎక్కబోతుంటే ఆపేశారు. ఆ ఓడ మధ్యలో టర్కీలో కుషదాసి అనే ఊళ్లో ఆగి, మళ్లీ గ్రీసు దీవులకి వస్తుంది. వీళ్ల వీసా మీద ఎంట్రీల దగ్గర ‘01’ అని ఉంది. టర్కీ వెళ్లగానే షెంజెన్ నుంచి బయటికి వచ్చేసినట్టు, మళ్లీ రావడానికి ఇంకో ఎంట్రీ లేదు. టర్కీ వీసా కూడా లేదు. జగదాంబ సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికొచ్చి, చింపిన టికెట్టు చూపిస్తే మళ్లీ లోపలికి పంపిస్తారు. దేశాలు అలా పంపవు కదా. పాపం ఆవిడ నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఓడ కనిపిస్తూనే ఉంది" అన్నారు. ఇక్కణ్ణుంచి నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఓడ టికెట్టు దరఖాస్తుతో పెట్టి, ఫలానా రోజు బయటికి వెళ్తాం, ఫలానా రోజు మళ్లీ వస్తాం అని చూపించి ఉంటే ‘మల్ట్’ అని ఇచ్చి ఉండేవారు. ఎన్ని ఎంట్రీలు ఇవ్వాలన్నది మనం పెట్టిన ప్రయాణం కాగితాలు చూసే తేలుస్తారు. అప్పట్నుంచీ షెంజెన్ స్టిక్కరు ఎవరి చేతిలో కనిపించినా నా కళ్లు ముందు ఆ గడి మీదికే పోతాయి.

అటువైపు సముద్రం చుట్టూ దేశాలన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. క్రొయేషియా 2023 జనవరి నుంచీ షెంజెన్‌లో ఉంది, పక్కనే మాంటెనెగ్రో లేదు. డుబ్రోవ్నిక్‌లో ఆగిన ఓడ మర్నాడు కోటోర్‌లో ఆగితే అప్పటికి బయటికి పోయినట్టే. పాస్‌పోర్టు కూడా షెంజెన్ వాళ్ల లెక్క ప్రకారం చెల్లుబాటులో ఉండాలి, తిరిగి బయల్దేరే రోజు తర్వాత మూడు నెలలు. ఓడ కంపెనీలు చాలావరకు ఆరు నెలలు అడుగుతాయి కాబట్టి ఆరే లెక్క పెట్టుకుంటే నయం. మన పాస్‌పోర్టు ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి ఇవ్వొచ్చు, 36 పేజీలదానికి 1,500 రూపాయలు. తత్కాల్ అయితే ఇంకో 2,000.

మన ఎదురింటివాళ్లు దసరాకి సింగపూర్ ఓడ అంటున్నారు. వాళ్లకి కూడా చెప్పాలి. సింగపూర్లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్లో దిగుతారు. అంటే సింగపూర్లోకి రెండుసార్లు వస్తారు. మొదట విమానంలో, తర్వాత ఓడలో. వీసా మల్టిపుల్ ఉందో లేదో చూసుకోవాలి. సింగపూర్ అరైవల్ కార్డు అని కంప్యూటర్లో నింపేది ఉంటుంది, వచ్చేముందు మూడు రోజుల్లోపల. ఓడ దిగేటప్పుడు అది మళ్లీ నింపాలి, మొదటిసారి నింపింది చాలదు. మలేషియా మనవాళ్లకి 2026 చివరిదాకా వీసా లేకుండా రానిస్తోంది గాని, వాళ్లకీ అలాంటి డిజిటల్ కార్డు ఉంది. అటువైపు ఓడల్లో ఎక్కగానే పాస్‌పోర్టులు తీసుకుని, చివరిరోజు దాకా వాళ్ల దగ్గరే పెట్టుకోవడం మామూలే. రేవు అధికారులకి అందరివీ ఒకేసారి చూపించడానికి. భయపడాల్సింది లేదు, ఓడ కార్డు మెళ్లో వేసుకుని తిరగడమే. కానీ ఇచ్చే ముందు జిరాక్సు ఉండాలి.

ఇక్కడే మన వైజాగ్ రేవులో ఎక్కితే ఈ బాధలు ఏవీ లేవు. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఓడ మొదట వచ్చినప్పుడు బీచ్ రోడ్డు మీద జనం ఎలా నిలబడ్డారో గుర్తుందా! తర్వాత ఏడాది సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ కూడా తెరిచారు. మనదేశం రేవుల మధ్యే తిరిగే ఓడైతే ఆధార్ కార్డు చాలు. అదే చెన్నై నుంచి శ్రీలంక వెళ్లే ఓడ ఎక్కితే పాస్‌పోర్టు కావాలి. ఓడ అదే కావచ్చు, కంపెనీ అదే కావచ్చు.

మా తాతయ్య రంగం ఓడ ఎక్కింది కూడా ఇక్కణ్ణుంచే. డెక్కు మీద చాప పరుచుకుని, మూటలో చింతపండూ ఎండుచేపలూ పెట్టుకుని వెళ్లాడట. పాస్‌పోర్టన్న మాటే ఆయనకి తెలియదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగంగానే ఉండేది కాబట్టి రంగం, అంటే రంగూన్, వెళ్లడమంటే ఇంకో ఊరు వెళ్లడమే. గీత ఒకటి గీసేసరికి అదే సముద్రం, అదే రేవు, పరాయి దేశమైపోయింది. మా నాయనమ్మ ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ, మనుషులు తిరుగుతూనే ఉన్నారు, కాగితాలే తర్వాత వచ్చాయి అనేది. ఆ కాగితాలతోనే నా ఉద్యోగం నడిచింది. పెద్దవయసులో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక గడి సరిగ్గా నింపలేదని రేవులో పెట్టెల మీద కూర్చోవడం నేను తట్టుకోలేను.

సరే, ఇప్పుడు చెయ్యాల్సిన పని. కెనడా సందర్శకుల వీసా మీరు ఇక్కడ ఉండగానే పెట్టుకోండి, అక్కడికి వెళ్లాక వద్దు. దరఖాస్తు కంప్యూటర్లోనే. ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. వేలిముద్రలకి మాత్రం హైదరాబాద్ వెళ్లాలి. ఒకసారి ఇస్తే పదేళ్లు పనికొస్తాయి. ఓకే అన్నాక పాస్‌పోర్టు పంపితే వీసా అంటించి పంపుతారు, దానికి కొన్ని వారాలు పడుతుంది. అమెరికా వెళ్లాక పెడితే కూడా వేలిముద్రలకి అక్కడ సెంటర్లున్నాయి గాని, పాస్‌పోర్టు పోస్టులో పంపి, అది తిరిగొచ్చేదాకా చేతిలో ఏమీ లేకుండా కూర్చోవాలి. అబ్బాయీ కోడలూ ఎలాగూ అలాగే చెయ్యాలి, వాళ్లని ఈ వారమే మొదలుపెట్టమనండి. వీసా కొత్త పాస్‌పోర్టులోనే పడుతుంది, మీకు గడువు బోలెడుంది కాబట్టి చాలా ఏళ్లకే ఇవ్వొచ్చు. అన్నయ్యగారి పెన్షన్ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి పన్ను రసీదు, అబ్బాయి రాసిన ఆహ్వానం, ఓడ టికెట్టు, పాత అమెరికా ప్రయాణాల స్టాంపులున్న పేజీలు, అన్నీ కలిపి పెడదాం. ఓడ టికెట్టు మాత్రం పైనే ఉండాలి.

ఈ నియమాలు మారుతూనే ఉంటాయి వదినగారూ, నేను చెప్పాను కదా అని ఊరుకోకండి. బయల్దేరే నెల ముందు ఓడ కంపెనీ సైటూ, కెనడా ప్రభుత్వం సైటూ అబ్బాయి మళ్లీ ఒకసారి చూడాలి. రేపు మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్యగార్నీ, ఆ రెండు జతల పాస్‌పోర్టుల్నీ తీసుకుని మా ఇంటికి రండి. కంప్యూటర్ ముందు కూర్చుని ఫారం నేనే నింపుతాను, అన్నయ్యగారి పేరు గడి దగ్గర మాత్రం అబ్బాయిని వీడియోలోకి పిలుద్దాం, ఓడ టికెట్టు మీద ఎలా ఉందో చదివి చెప్తాడు.